బ్లాక్ జెట్టీ కావలివాడి హత్య

"నా ఆటలో ఒక మనిసి సచ్చిపోనాడండి. నాను సంపనేదు."

వచ్చిన అమ్మాయి చెప్పిన ఆ రెండు ముక్కల్లో "ఆట" అన్న మాట జగన్నాధం చెవికెక్కలేదు. "సచ్చిపోనాడు" అన్నది మాత్రం బాగా ఎక్కింది. చేతిలో టీ సగం లుంగీ మీద పోసుకున్నాడు. ఉద్యోగమంతా నౌపడ స్టేషన్లో జెండాలు ఊపి రిటైరై, శ్రీకాకుళం వచ్చి డిటెక్టివ్ నీలవేణి దగ్గర అసిస్టెంటుగా చేరిన మనిషి ఆయన. చేరినప్పటి నుంచీ చూసినవన్నీ తప్పిపోయిన భర్తలూ, దొంగ సంతకాలూ, పొలం గట్ల తగువులూ. ఒక్క హత్య కేసైనా రాలేదే అని లోలోపల వెలితి పడేవాడు. తీరా వచ్చిందనుకునేసరికి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

నీలవేణి తాపీగా కుర్చీ చూపించింది.

"కూర్చో అమ్మా. చచ్చిపోయినవాడి పేరేమిటి?"

"పేరు నేదండి. కావలోడు. బ్లాక్ జెట్టీ మీద కాపలా కాస్తాడు."

"ఆ జెట్టీ ఎక్కడుంది?"

"కంప్యూటర్లోనండి."

జగన్నాధం హాయిగా ఊపిరి పీల్చి, మిగిలిన టీ గటగటా తాగేశాడు. "ఓస్, పిల్లల ఆటా" అన్నాడు. ఆ అమ్మాయి తలెత్తి చూసిన చూపుకి ఆ మాట వెనక్కి మింగెయ్యాలనిపించింది ఆయనకి. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

ఆమె పేరు తులసి. కళింగపట్నం దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె వాళ్లది. రోజూ తల్లి దాలమ్మతో కలిసి మొదటి బస్సుకి చేపల గంపలు ఎక్కించుకుని శ్రీకాకుళం బజారుకొస్తుంది. అమ్మకం తగ్గే వేళకి, ఏడురోడ్ల కూడలి దగ్గర ధర్మేంద్ర అనే ఆయన నడిపే ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి, మూలనున్న పాత కంప్యూటరు ముందు కూర్చుంటుంది. బ్లాక్ జెట్టీ అనే పాత ఆట అందులోనే నడుస్తుంది.

"విశాఖలో ఆటలు తయారుసేసే కంపెనీ ఒకటి ఉన్నాదండి. ఈ ఆటని మొదలు నుండి సివరదాకా ఒక్కల్నీ సంపకుండా ఆడినోలికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఏ సదువు సదివినావని అడగరు. రేపు సాయంత్రం ఆ కంపెనీ అమ్మ రాజకుమారి గారు మా సెంటరుకే వస్తన్నారు. నాను ఆకరి మజిలీ దాకా వచ్చీసినాను. ఒక్కుడు సావనేదు. నిన్న మజ్జానం ఆట అలాగే ఆపి, అమ్మకి సాయం ఎల్లినాను. తిరిగొచ్చి సూస్తే తెర మీద చంపినవారు ఒకటి అని ఉన్నాది."

"సరే, వెనక్కి వెళ్లి మళ్లీ ఆడొచ్చుగా?" అన్నాడు జగన్నాధం.

"అవదండి. ఆడిన ఆటని దాసుకునే గుర్తు ఇందులో ఒకటేనండి. ఎవుడైనా సస్తే అప్పటికప్పుడు అదే రాసీసుకుంటాది. సచ్చినోడు సచ్చినట్టే. మొదలు నుండి ఆడాలంటే నెలలు పడతాది." తులసి ముందుకి వంగింది. "ఉద్యోగం పోతే పోయింది. నానే సంపీసి అబద్దం ఆడతన్నానని సెంటర్లో కొందరు అంటన్నారండి. నా మాట నిలబెట్టండి."

నీలవేణి లేచి చెప్పులు వేసుకుని జగన్నాధం వైపు తిరిగింది. "పద మావా. శవాన్ని చూద్దాం."

*

ధర్మేంద్ర నలభై దాటిన మనిషి. ఆ ఆట గురించి అడిగితే చాలు, మేనకోడలి పెళ్లి సంగతి చెప్పినంత సంబరంగా చెబుతాడు. కుర్రతనం నుంచీ దాన్నే ఆడుతున్నాడట.

"పైకి చూస్తే కాల్పుల ఆటేనండి. తెర మీద మన చేతులూ, చేతిలో తుపాకీ తప్ప మనం కనబడం. కానీ లోపలికి దిగితే ఒక బతుకంత ఉంటుంది. పని చేసిన కొద్దీ మనకి కొంత నేర్పు ఇస్తుంది. దాన్ని ఎందులో పెట్టుకుంటామో మనిష్టం. గురి నేర్చుకుంటావా, తాళాలు తియ్యడం నేర్చుకుంటావా, ఈతా, మాటా? ఎవడేం నేర్చుకుంటే వాడికి అలాంటి ఆట. ఒకే తలుపు. ఒకడు పేల్చేస్తాడు, ఒకడు తాళం తీస్తాడు, ఒకడు కాపలావాడితో కబుర్లాడి తీయిస్తాడు. ఇన్నేళ్లయింది కదా, ఇప్పటికీ నేను చూడని గదులున్నాయంటే నమ్మండి."

"తులసి దేంట్లో పెట్టుకుంది?" అడిగింది నీలవేణి.

"ఉన్నదంతా ఈతలోనూ, మాటలోనూనండి. గురిలో ఒక్క చుక్క పెట్టలేదు. ఈ పిల్ల జెట్టీ ఎక్కనే ఎక్కదు, నీళ్ల కిందనించి పోతుంది. అలా ఆడేవాళ్లని నేను చూడలేదు." ఆ మాట అన్నప్పుడు ధర్మేంద్ర గొంతులో గౌరవం వినబడింది.

జగన్నాధానికి ముచ్చటేసి, పక్క కంప్యూటర్లో మొదటి మజిలీ తనూ ఒక చెయ్యి చూశాడు. గుమ్మం దాటకుండానే గోడని కాల్చి, పిల్లిని కాల్చి, చివరికి సముద్రంలో పడి తనే పోయాడు. లేచొచ్చి తులసి వైపు కొత్త కళ్లతో చూశాడు.

ధర్మేంద్ర పాత కంప్యూటర్లో ఒక మీట నొక్కాడు. తెర మీద ఆఖరి మజిలీ పటం వచ్చింది. ఆడినవాడు ఎటు నడిస్తే అటు ఎర్రగీత పడుతుందట. ఎక్కడ ఎవడు చస్తే అక్కడ ఇంటూ గుర్తు. గీత నీళ్లలోంచి జెట్టీ ఎక్కే నిచ్చెన దగ్గర మొదలై చెక్కల మీదుగా తిన్నగా వచ్చింది. జెట్టీ సగంలో ఉన్నట్టుండి పక్కకి తిరిగి, అంచు వెంట అర్ధచక్రంలా చుట్టి, అక్కడే ఇంటూ గుర్తు దగ్గర ఆగింది. ఆ తరవాత ఆ గుర్తు చుట్టూనే దారం ఉండలా చిక్కుపడి ఉంది.

"ఈ వంపు దగ్గర ఏముంది?"

"ఏమీ లేదండి, ఆరేసిన వల. అది దాటడానికి అడ్డేం కాదు. అందరూ దాని మీంచే పోతారు, చీకటి అక్కడే కదా. అంచుకి పోతే సెర్చిలైటు మొహాన పడుతుంది, కావలివాడు కేకేస్తాడు."

"ఎన్ని గుళ్లు పేలాయి?"

"ఉన్నవన్నీనండి. తుపాకీ ఖాళీ."

నీలవేణి ఆ పటాన్ని చాలాసేపు చూసింది. ఆమె అలా చూస్తోందంటే పలకరించకూడదని జగన్నాధానికి తెలుసు.

నిన్న మధ్యాహ్నం సెంటర్లో ఎవరున్నారంటే ముగ్గురే తేలారు. ధర్మేంద్ర భోంచేసి కౌంటరు వెనక కునుకు తీశాడు. తులసి మేనత్త కొడుకు ఈశ్వర్ ఆమెకి అన్నం క్యారియరు తెచ్చి, ఆమె లేదని కాసేపు కూర్చుని పోయాడు. మూడోవాడు యుగంధర్. నెల్లిమర్ల వైపు వరి రైతు కొడుకు, ఇక్కడ ఇంజనీరింగు చదివాడు. వాడూ ఆ ఉద్యోగం కోసం ఆడినవాడే. పోయినవారం ఆటలో ఒకణ్ణి చంపి పోటీలోంచి పోయాడు. "నాకు రానిది ఇంకెవరికి వస్తుందో చూస్తా" అని అందరి ముందూ అన్నాడు కూడా.

ఇంకేం కావాలి? బజారు జనం నిన్ననే యుగంధర్ కాలరు పట్టుకున్నారు. ధర్మేంద్ర వాణ్ణి సెంటరు గుమ్మం తొక్కొద్దన్నాడు. నీలవేణి కబురు పెడితే వాడు వచ్చి మెట్ల మీదే నిలబడ్డాడు, మొహం కందగడ్డలా చేసుకుని.

"నేను చేయలేదు మేడం. ఆ మాట అన్నాను, నిజమే. కడుపుమంటలో అన్నాను."

"మరి అందరూ నీ పేరే చెబుతున్నారు."

"ఆ ఆట నాకు మంచినీళ్లప్రాయం. పాడు చెయ్యాలంటే ఒక్క గుండు చాలు. తుపాకీ ఖాళీ చేస్తానా?" అని తల దించుకున్నాడు. "అయినా ఆవిడ ఆట నేను రోజూ వెనక నించుని చూసేవాణ్ణి. అంత బాగా ఆడేదాన్ని చెడగొట్టడానికి చెయ్యెలా వస్తుంది?"

వాడు వెళ్లాక జగన్నాధం మీసం దువ్వాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అమ్మా. వీడే."

"భుజాలు తడుముకోలేదు మావా, లెక్క చెప్పాడు" అంది నీలవేణి. "రేపు పొద్దున్నే వాళ్ల పల్లెకి పోదాం."

*

పల్లెలో పడవలు అప్పుడే ఒడ్డుకి వచ్చాయి. ఆరేసిన వలల మధ్య నుంచి దాలమ్మ ఎదురొచ్చింది. అవతల నీడలో నిలబడ్డ ఈశ్వర్‌ని ఆమె చూపించగానే, దగ్గర దారి కదా అని జగన్నాధం బూటు కాలు ఒక వల మీంచి అటు వెయ్యబోయాడు.

"ఓలమ్మ, ఆగు బాబూ" అని దాలమ్మ ఆయన చెయ్యి పట్టి లాగేసింది. "వల దాటకూడదు. సుట్టూ తిరిగి రా. మాకు అన్నం పెట్టేది కదా అది."

జగన్నాధం నొచ్చుకుని, ఇసకలో అంత దూరమూ చుట్టి వచ్చాడు. ఆయన వెనకే నీలవేణి కూడా, ఏదో గుళ్లో ప్రదక్షిణ చేసినంత శ్రద్ధగా.

ఈశ్వర్ పాతికేళ్ల మనిషి. బలంగా ఉన్నాడు గానీ చూపు నేల మీదే ఉంది. తెగిన తాడు ముడివేస్తూ జవాబులు చెప్పాడు.

"నిన్నగాక మొన్న సెంటర్లో ఎంతసేపు కూర్చున్నావు?"

"రవ్వంతసేపండి. కేరేజీ పెట్టీసి ఎల్లిపోనాను."

"కంప్యూటరు ముట్టుకున్నావా?"

"నాకు అయి తెల్దండి."

"తులసి విశాఖ వెళ్లిపోతే నీకేమనిపిస్తుంది?"

ఈశ్వర్ మొదటిసారి తలెత్తాడు. "ఎల్లాలండి. దానికి వచ్చిన ఇద్దె మా పల్లెలో ఎవులికీ నేదు." అని మళ్లీ తాడు వైపు చూశాడు. ముడి బిగిస్తూ మెల్లిగా అడిగాడు. "అమ్మా, ఆ కావలోడు మరింక లెగడా? ఆటే కదా, ఏటో ఒకటి సేస్తే లెగడా?"

"లేవడు" అంది నీలవేణి. "సాయంత్రం నువ్వూ సెంటరుకి రా ఈశ్వర్."

తిరుగు బస్సులో జగన్నాధం ఉండబట్టలేకపోయాడు. "ఎవరమ్మా?" అని మూడుసార్లు అడిగాడు. నీలవేణి కిటికీలోంచి చూస్తూ, "దొంగ దొరికాడు మావా. కానీ దొంగతనమే దొరకలేదు" అంది. ఆయన ఆ మాటని ఊరొచ్చేదాకా నమిలాడు గానీ మింగుడు పడలేదు. ఈవిడ తెలివికి దండం పెట్టాలా, తల బాదుకోవాలా అనుకున్నాడు. ఎప్పటిలాగే దండమే గెలిచింది.

*

సాయంత్రానికి సెంటరు నిండిపోయింది. రాజకుమారి గారు జుట్టు నెరిసిన, మాట తక్కువ మనిషి. పాత కంప్యూటరు పక్కనే కుర్చీ వేసుకుంది. ఒక వైపు తులసి, దాలమ్మ, ఈశ్వర్. ఇంకో వైపు ధర్మేంద్ర. గుమ్మం దగ్గర యుగంధర్.

నీలవేణి పటం తెర మీద పెట్టించింది.

"ఈ కేసులో అందరూ వెతికింది పగ ఉన్నవాణ్ణి. యుగంధర్‌కి పగ ఉంది. కానీ పగతో వచ్చినవాడు ఒక్క గుండు కాల్చి పోతాడు. ఇక్కడ తుపాకీ ఖాళీ అయింది. అంటే మీట మీద వేలు బిగుసుకుపోయింది. అది భయం. ఆట రానివాడి భయం. యుగంధర్‌కీ, ధర్మేంద్రకీ ఈ ఆట కళ్లు మూసుకున్నా వచ్చు. తులసి అసలు జెట్టీయే ఎక్కదు."

నీలవేణి వేలు అర్ధచక్రం మీద పెట్టింది.

"ఇప్పుడు ఇది చూడండి. ఇక్కడో వల ఆరేసి ఉంది. దాని మీంచి పోతే చీకటి, క్షేమం. ఆట తెలిసినా తెలియకపోయినా ఎవరైనా తిన్నగా పోతారు, అడ్డం లేదు కనక. ఈ ఆడినవాడు మాత్రం వల అంచు దాకా వచ్చి ఆగాడు. దాటలేదు. చుట్టూ తిరిగాడు. తిరిగి వెలుగులో పడ్డాడు. కావలివాడు కేకేశాడు, ఇతను హడలిపోయి నొక్కేశాడు. అన్నం పెట్టే వలని, బొమ్మదైనా సరే, దాటలేని మనిషి మొన్న మధ్యాహ్నం ఈ గదిలో ఒక్కడే ఉన్నాడు."

దాలమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తులసి మెల్లిగా తల తిప్పి ఈశ్వర్ వైపు చూసింది.

"ఇంకొకటి కూడా ఉంది" అంది నీలవేణి, ఈసారి గొంతు తగ్గించి. "ఆ గుర్తు చుట్టూ ఉన్న చిక్కు. కాల్చాక ఇతను పారిపోలేదు. చచ్చినవాడి చుట్టూ తిరిగాడు, లేపుదామని. చంపాలని వచ్చినవాడు అలా తిరగడు."

ఈశ్వర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"నానే. నానే సేసినాను. రోజూ ఇది ఆ తెరలో ఏటి సూస్తందో, అంతలా ఏటుందో, ఒక్కసారి దాని కుర్సీలో కూకుని సూద్దారనుకున్నాను. దాన్ని సూస్తే నాకు అంత గొప్పగా ఉంటాది. ఎలుగు పడిపోనాది, ఆడు కేకేసినాడు, సెయ్యి నొక్కీసినాది. ఎంత లేపినా లెగనేదు. సెప్పడానికి సిగ్గేసినాది, బయమేసినాది."

తులసికి పట్టరాని కోపం వచ్చింది. అయినా గొంతు పెంచలేదు.

"కాల్సినందుకు కాదు బావా. ఆ కుర్రోడి కాలరు పట్టుకున్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. సూస్తా ఉన్నావు. ఆ పాపం ఏటి సేద్దారి?"

యుగంధర్ గుమ్మం వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

రాజకుమారి గొంతు సవరించుకుంది. "తప్పు నీది కాదని తేలింది అమ్మా. అది సంతోషం. కానీ నేను చెప్పిన షరతు సున్నా. ఇక్కడ ఒకటి ఉంది. పైగా ఆట కూడా పూర్తి కాలేదు."

"ఇంక పూర్తి కాదండి" అన్నాడు ధర్మేంద్ర దిగులుగా. "జెట్టీ చివర గేటు దగ్గర ఉన్నవాడు ఈ చచ్చినవాడి తమ్ముడు. ఎవరూ చావకుండా వస్తే మాట్లాడి గేటు తీయించొచ్చు. ఇప్పుడు వాణ్ణీ కాల్చందే గేటు దాటలేం. ఇన్నేళ్లలో నాకు తెలిసిన దారి అదొక్కటే."

తులసి కళ్లు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. "నా ఆట నాను పూర్తి సేసి ఎల్తానండి."

ఆమె చెయ్యి మౌస్ మీద పడగానే గది మారిపోయింది. జగన్నాధం తన కళ్లతో చూశాడు కనక నమ్మాడు. తెర మీద ఆ చేతులు తుపాకీ దించేశాయి. వంగి, చచ్చిన కావలివాణ్ణి భుజానికెత్తుకున్నాయి. మనిషిని మోస్తే తుపాకీ పట్టలేం, ఈదలేం అని ధర్మేంద్ర గొణిగాడు. తులసి వినలేదు. ఎత్తుకున్న బరువుతో నెమ్మదిగా, దీపం అటు తిరిగినప్పుడు కదులుతూ, ఇటు తిరిగినప్పుడు ఆగుతూ, జెట్టీ పొడవునా నడిచింది. గేటు దగ్గర తమ్ముడు తుపాకీ ఎత్తాడు. ఆమె వాడి ఎదుటే అన్నని కింద పడుకోబెట్టి, వట్టి చేతులతో నిలబడింది.

తెర మీద వాడి ప్రశ్న వచ్చింది. ఎవరు చంపారు? కింద జవాబులు. తెలియదు. నేను వచ్చేసరికే చనిపోయాడు. మూడోది, మాటలో నేర్పు బాగా ఉన్నవాళ్లకి మాత్రమే కనిపించేది: నేనే.

తులసి "నేనే" మీద నొక్కింది.

తమ్ముడు చాలాసేపు కదలలేదు. తరవాత తుపాకీ దించి, అన్న పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇక్కడినుంచి వెళ్లిపొమ్మన్నాడు. గేటు తెరుచుకుంది. అవతల తెల్లవారుతున్న సముద్రం కనిపించింది.

"ఇది నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు ధర్మేంద్ర. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్లు ఆడాను. ఇది ఉందనే తెలీదు."

ఆట ముగిసి లెక్క వచ్చింది. చంపినవారు, ఒకటి.

రాజకుమారి ఆ అంకె వైపు చూసి అడిగింది. "నువ్వు చంపలేదు కదమ్మా. తెలియదు అంటే సరిపోయేది. నేనే అని ఎందుకన్నావు?"

"ఆ తమ్ముడికి ఎవులో ఒకలు సెప్పాలి కదండి. మా బావ అక్కడ నేడు. నాను ఉన్నాను."

"మరి ఈ ఒకటి?"

"ఉండాలండి. ఒకడు సచ్చిపోనాడు కదా."

రాజకుమారి లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నా దగ్గర పనిచేసేవాళ్లందరూ సున్నా తెచ్చినవాళ్లే. ఒకటి తన మీద వేసుకున్నవాళ్లు ఎవరూ లేరు. సోమవారం విశాఖ వచ్చెయ్." ఆవిడ ఆ మాట మామూలుగా అనేసి, ధర్మేంద్రని మంచినీళ్లు అడిగింది.

దాలమ్మ కూతుర్ని పట్టుకుని ఏడ్చేసింది. జగన్నాధం సిగ్గుపడకుండా తనూ ఏడ్చాడు. నీలవేణి మాత్రం కిటికీ దగ్గరికి పోయి రోడ్డు మీద ఆటోలని చూస్తూ నిలబడింది. ఆవిడ సంతోషం అలాగే ఉంటుందని జగన్నాధానికి తెలుసు.

ఈశ్వర్ లేచి, తులసికి ఎదురుగా రావడానికి భయపడుతూ, కుర్చీ వెనక నిలబడ్డాడు.

"సోమారం బస్సుకి ఎల్తావా? నాను బండి మీద దించీనా?"

తులసి వెనక్కి తిరగలేదు. గుమ్మం వైపు చూపించింది. యుగంధర్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

"ముందు ఆ కుర్రోడికి సెప్పాల్సింది సెప్పేసి రా. బజార్లో, అందరి ముందూ. తరవాత బండి సంగతి సూద్దాం."

ఈశ్వర్ తలూపి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, రోడ్డు మీద యుగంధర్ వెనక పరిగెత్తాడు.